ఇథియోపియాలో రోడ్ల ఇంజినీరింగ్ కోర్సు తయారుచేశాం: నా అనుభవం

ఇథియోపియా వెళ్లి పాఠాలు చెప్పి వచ్చినవాళ్లు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలామందే ఉంటారు. 1990ల మధ్య దాకా ఆ దేశంలో విశ్వవిద్యాలయం అనదగ్గవి రెండే, అడిస్ అబాబాలో ఒకటి, హరమాయలో ఒకటి. 2015 నాటికి అవి 30 దాటిపోయాయి. బిల్డింగులైతే ఏడాది రెండేళ్లలో లేస్తాయి గానీ పాఠం చెప్పేవాళ్లు అంత త్వరగా తయారవరు. ఆ ఖాళీల్లోకి మన దేశం నుంచి చాలామంది వెళ్లారు, వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. నేనూ అలా వెళ్లినవాణ్ణే. మాది నల్లగొండ జిల్లా. వరంగల్‌లో ట్రాన్స్‌పోర్టేషన్‌లో ఎంటెక్ చేసి, కొన్నేళ్లు రోడ్ల కన్సల్టెన్సీలో తిరిగి, పీహెచ్‌డీ అయ్యాక హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. అక్కడ ఏ నెల జీతం ఏ నెలలో పడుతుందో ఎవరికీ తెలిసేది కాదు. ఇథియోపియా వాళ్లు డాలర్లలో ఇస్తామన్నారు, నెలనెలా ఇస్తామన్నారు. అంతకుమించిన ఆదర్శాలేవీ అప్పట్లో నాకు లేవు.

అయితే నేను చెప్పాలనుకున్నది ఆ ఉద్యోగం గురించి కాదు. అక్కడ ఉన్నప్పుడు యూరప్ విశ్వవిద్యాలయాలు రెండు, ఘనా నుంచి ఒకటి, ఇథియోపియా నుంచి మాదీ ఇంకొకటీ కలిసి రోడ్డు రవాణా ఇంజినీరింగ్‌లో ఒక ఎమ్మెస్సీ కోర్సును మొదటినుంచీ తయారుచేశాం. డబ్బు యూరప్‌ది. మా వైపు నుంచి మొదటి మీటింగు మొదలు, సెనేట్ ఆమోదం, మొదటి బ్యాచ్ చేరడం దాకా నేను ఉన్నాను. పేపర్లలో 'అంతర్జాతీయ సహకారం' అని ఒక లైనులో వచ్చిపోయే ఈ పని లోపల ఎలా నడుస్తుందో మనవాళ్లు రాయగా నేను పెద్దగా చూడలేదు. విశ్వవిద్యాలయాల పేర్లు, మనుషుల పేర్లు రాయడం లేదు. వాళ్లలో చాలామంది ఇంకా అవే కుర్చీల్లో ఉన్నారు.

ఆ కోర్సు ఎందుకు కావాల్సి వచ్చిందంటే, ఇథియోపియా 1997లో రోడ్ల రంగానికని ఒక పెద్ద అభివృద్ధి కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికి దేశం మొత్తానికి ఉన్న రోడ్లు సుమారు 26 వేల కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా ఆ దేశంలో నాలుగో వంతే, అంత పెద్ద నేలకు ఇంతే రోడ్లు. 2015 నాటికి లక్ష కిలోమీటర్లు దాటించారు. చిన్న విషయం కాదు. కానీ వాటిని డిజైన్ చేసేవాళ్లు, సైటులో నిలబడి పని చేయించేవాళ్లు, వేశాక చూసుకునేవాళ్లు అదే లెక్కన పెరగలేదు. బీఎస్సీ సివిల్ ఐదేళ్ల కోర్సు. అందులో హైవే మీద ఒకటి రెండు సబ్జెక్టులు. క్లాసు నిండా పిల్లలు, ల్యాబ్‌లో మట్టి బలం కొలిచే సీబీఆర్ మెషీన్ పనిచేసేది ఒక్కటి. టెస్టు నేను చేస్తుంటే వాళ్లు చుట్టూ నిలబడి చూసేవాళ్లు, వెనక నిలబడ్డవాళ్లకు నా నెత్తి మాత్రమే కనిపించేది.

బయటివాళ్ల సాయంతో రోడ్లు నేర్చుకోవడం ఆ దేశానికి కొత్త కాదు. 1936 నుంచి 1941 దాకా ఆక్రమించి కూర్చున్న ఇటాలియన్లు తమ అవసరం కోసం వేసిన దారుల మీదే తర్వాతి రోడ్లు చాలా వచ్చాయి. ప్రపంచ బ్యాంకు ఆఫ్రికాకు ఇచ్చిన మొట్టమొదటి అప్పులు 1950లో ఇథియోపియాకే, అందులో 50 లక్షల డాలర్లు రోడ్ల కోసం. మరుసటి ఏడాది చక్రవర్తి హైలే సెలాసీ ప్రభుత్వం ఇంపీరియల్ హైవే అథారిటీని పెట్టింది, అమెరికన్ పద్ధతిలో, అమెరికన్ ఇంజినీర్ల చేయూతతో. తర్వాత బ్రిటిష్ వాళ్ల రోడ్ నోట్లు, అంటే రోడ్ల డిజైన్ మార్గదర్శకాలు, వచ్చాయి. మేం పని మొదలుపెట్టేనాటికి అడిస్ అబాబా–అడామా ఎక్స్‌ప్రెస్‌వేను చైనా కంపెనీ కడుతోంది, 2014లో తెరిచారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఒక స్టాండర్డు వదిలిపెట్టి వెళ్లారు. మా ప్రాజెక్టు కూడా ఇంకో ఫైలై అటక ఎక్కుతుందేమోనని నాకు మొదట్లో గట్టి అనుమానమే ఉండేది.

ఇలాంటి ప్రాజెక్టుల్లో మొదటి మెట్టు 'అవసరాల అంచనా'. అంటే ప్రశ్నపత్రాలు పట్టుకుని రోడ్ల అథారిటీకి, ప్రాంతీయ రోడ్ల బ్యూరోలకు, కాంట్రాక్టర్ల దగ్గరికి, కన్సల్టెంట్ల దగ్గరికి వెళ్లి 'మా పిల్లలు మీ దగ్గర చేరాక ఏం చేయలేకపోతున్నారు?' అని అడగడం. యూరప్ వాళ్లు తయారుచేసి పంపిన ఫారంలో అంతా ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసే గళ్లే. జనం మర్యాదకు అన్నిటికీ నాలుగు వేసి ఇచ్చేవాళ్లు. నేనూ, మా డిపార్ట్‌మెంట్‌లో ఒక కుర్ర లెక్చరరూ ఫారం పక్కన పెట్టేసి కాఫీ మీద కూర్చోవడం మొదలుపెట్టాం. ఇథియోపియాలో కాఫీ అంటే పచ్చి గింజలు కళ్లముందే వేయించి, దంచి, కాచి, ఒకరికి మూడు విడతలు పోస్తారు. గంట పడుతుంది. ఆ గంటలో అసలు సంగతులు బయటికొచ్చేవి. పిల్లలు సాఫ్ట్‌వేర్‌లో అలైన్‌మెంట్ చకచకా గీసేస్తున్నారు, మట్టి రిపోర్టు చేతికిస్తే మాత్రం ఎటు చదవాలో తెలియడం లేదు. కల్వర్టు ఎక్కడ పెట్టాలో చెప్పలేకపోతున్నారు. బిల్లు రాయడం రాదు. కాంట్రాక్టరు మనిషి గట్టిగా మాట్లాడితే తగ్గిపోతున్నారు. ఈ చివరిదాన్ని ఏ గడిలో పెట్టాలో మాకు అర్థం కాలేదు. చివరికి 'కాంట్రాక్టు నిర్వహణ' అనే సబ్జెక్టులో క్లెయిములు, ఉత్తరాలు రాయడం, సైటు మీటింగుకు మినిట్స్ రాయడం అని పెట్టాం. ఇప్పటికీ ఆ సబ్జెక్టే పిల్లలకు ఎక్కువ పనికొచ్చిందని నా నమ్మకం.

సిలబస్ మీటింగు అడామాలో జరిగింది. అడిస్ నుంచి గంటన్నర దూరం, ఎత్తు తక్కువ కాబట్టి కాస్త వెచ్చగా ఉంటుంది. దేశంలో సగం వర్క్‌షాపులు అక్కడి హోటళ్లలోనే జరుగుతాయేమో అనిపిస్తుంది. ఉత్తర యూరప్ ప్రొఫెసర్ గారు తమ దగ్గర నడుస్తున్న కోర్సునే మాడ్యూళ్లుగా విడగొట్టి తెచ్చారు. మనిషి మంచివాడు, విషయం తెలిసినవాడు. పేవ్‌మెంట్ (రోడ్డు పొరల) డిజైన్ మాడ్యూల్‌లో మంచు గడ్డకట్టి సబ్‌గ్రేడ్, అంటే రోడ్డు అడుగు నేల, ఉబ్బడం గురించి ఒక అధ్యాయం, మెయింటెనెన్స్‌లో మంచు తొలగించడం మీద ఇంకొకటి. ఘనా ప్రొఫెసర్ వాటిని చూసి, అద్దాలు తీసి తుడుచుకుని, 'కుమాసిలో మాకు మంచు ఫ్రిజ్‌లోనే దొరుకుతుంది' అన్నారు. అందరూ నవ్వారు, ఉత్తర యూరప్ ఆయన కూడా. కానీ ఆ తర్వాత పూట మొత్తం ఆ రెండు అధ్యాయాల జాగాలో ఏం పెట్టాలనే దాని మీదే వాదన నడిచింది. ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చిన పూట అదేనంటాను.

ఘనా ఆయనది లాటరైట్, అంటే ఎర్రమొరం, పట్టు. చల్లటి దేశాల్లో రాసిన స్పెసిఫికేషన్ల ప్రకారం జల్లెడ పట్టి చూస్తే పశ్చిమాఫ్రికా లాటరైట్ మొరంలో చాలా భాగం ఫెయిలవుతుంది. అదే మొరంతో వేసిన రోడ్లు మాత్రం ఏళ్లతరబడి బండ్లు మోస్తున్నాయి. కాబట్టి స్పెసిఫికేషన్ ఎక్కడి నుంచి పుట్టిందో పిల్లలకు చెప్పకుండా స్పెసిఫికేషన్ చెప్పడం తప్పని ఆయన వాదన. ఇథియోపియా వాళ్లు సిండర్ గురించి ఎత్తారు. దేశం మధ్యగా సాగే రిఫ్ట్ లోయ పొడుగునా అగ్నిపర్వతాలు విసిరిన ఎర్రటి, నల్లటి గుల్ల రాళ్ల గుట్టలుంటాయి, చేత్తో తీస్తే తేలిగ్గా, నిండా చిల్లులతో ఉంటుంది. 1970ల్లోనే బ్రిటిష్ రోడ్డు పరిశోధన సంస్థ, ఇథియోపియా రోడ్ల శాఖ కలిసి దీనితో ప్రయోగాత్మకంగా రోడ్లు వేసి చూశాయి. సరైన పాళ్లలో సన్నమట్టి కలిపితే తక్కువ ట్రాఫిక్ ఉన్న రోడ్లకు బేస్‌గా పనికొస్తుందని తేలింది. అంత పని జరిగినా, ఆ గుట్టల మధ్య పుట్టి పెరిగిన పిల్లలకు కాలేజీలో దాని ఊసే లేదు. ఇక నా వంతు నల్లరేగడి.

ఇక్కడ నాకు కొంచెం బలం ఉంది. ఆదిలాబాద్ వైపు, కర్నూలు వైపు రోడ్ల పనుల్లో తిరిగినప్పుడు నల్లరేగడి ఏం చేస్తుందో కళ్లారా చూశాను. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, వానాకాలం ఉబ్బి రోడ్డును పైకి నెట్టడం. ఇథియోపియా ఎత్తు భూముల్లో లక్షల ఎకరాల్లో ఉన్నది అదే జాతి మట్టి. వాళ్ల ముఖ్యమైన తిండిగింజ టెఫ్ దాంట్లోనే పండుతుంది, కాస్త నీళ్లు నిలిచినా టెఫ్ తట్టుకుంటుంది. యూరప్ వాళ్లకు ఈ మట్టి పుస్తకంలో తెలుసు. దాని మీద వేసిన రోడ్డు మూడో ఏట ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఆ వాదన అయ్యాక మంచు అధ్యాయాలు పోయి 'సమస్యాత్మక నేలలు, స్థానిక సామగ్రి' అని ఒక పూర్తి మాడ్యూల్ వచ్చింది. దాన్ని రాసే పని ఘనా ఆయనకూ నాకూ కలిపి పడేశారు. ఉత్తర యూరప్ ప్రొఫెసర్ దానికి సూక్ష్మ పరీక్షల భాగం రాస్తానని తనే ముందుకొచ్చాడు, రాశాడు కూడా, చక్కగా రాశాడు.

క్రెడిట్ల లెక్క మాత్రం విసుగు పుట్టించింది. యూరప్‌లో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పెట్టే మొత్తం శ్రమ, 25 నుంచి 30 గంటలు. ఇథియోపియాలో క్లాసులో కూర్చున్న గంటలను బట్టి. రెండిటికీ పొత్తు కుదిర్చే పట్టికలు ఎన్నిసార్లు మార్చామో నాకే గుర్తులేదు. దాని గురించి ఇంతకంటే రాయను.

మాడ్యూల్ రాశాక దాన్ని ముందుగా మా సీనియర్ పిల్లల మీద పరీక్షించాం. అక్టోబరులో, వానలు వెనక్కి తగ్గాక, అడిస్‌కు పడమరగా అంబో వైపు వెళ్లే దారిలో ఒక పల్లె మొరం రోడ్డు మీదికి తీసుకెళ్లాం. చేతిలో ఉన్నది డీసీపీ ఒక్కటే, నేల ఎంత గట్టిగా ఉందో అక్కడికక్కడే కొలిచే పరికరం. పెద్ద యంత్రమేం కాదు. ఎనిమిది కిలోల సుత్తిని 575 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి కడ్డీ వెంట వదులుతారు, కింద 60 డిగ్రీల మొన ఉంటుంది, దెబ్బకు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో పక్కన స్కేలు మీద చదువుతారు. ఒకడు కడ్డీ నిటారుగా పట్టుకోవాలి, ఒకడు సుత్తి ఎత్తాలి, ఒకడు చదవాలి, ఒకడు రాయాలి. మా పిల్లల్లో ఎవరూ దాన్ని అంతకుముందు ముట్టుకోలేదు. మొదటి పది నిమిషాలు ఎవరు సుత్తి ఎత్తాలన్నదాని మీదే పోటీ.

రోడ్డు నడిమధ్యన పైన మొరం పొరలో దెబ్బకు ఏడు మిల్లీమీటర్ల చొప్పున దిగింది. బ్రిటిష్ వాళ్ల సూత్రంలో పెడితే సీబీఆర్ 35, 40 మధ్య వస్తుంది, మంచి మొరం. ఇరవై సెంటీమీటర్లు దాటి నల్లమట్టిలోకి వెళ్లగానే ఒక్కసారిగా అరవై, డెబ్బై. సీబీఆర్ నాలుగు లోపు. తర్వాత అదే రోడ్డు అంచుకు జరిగి కొట్టించాం. అక్కడ దెబ్బకు తొంభై దిగింది, సీబీఆర్ రెండున్నర. కాగితం మీద రాస్తున్న అమ్మాయి పెన్ను ఆపి, 'సార్, ఒకే రోడ్డు, ఒకే మట్టి, మధ్యకూ అంచుకూ ఇంత తేడా ఎందుకు?' అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు, పక్క కాలువ చూడమన్నాను. కాలువ పూడిపోయి ఉంది. టెఫ్ చేను రోడ్డు కట్ట అడుగు దాకా దున్నేశారు. వాన నీళ్లు అక్కడే నిలిచి, అంచు కిందికి ఇంకి, మట్టిని నానబెట్టాయి. రోడ్డు అంచు పొడుగునా నిలువు పగులు ఎందుకు వస్తుందో ఆ పూట ఎవరికీ విడిగా చెప్పాల్సిన పని రాలేదు.

మేం చేస్తున్నది చూసి ఆ చేను రైతు వచ్చాడు. కాలువ తనే పూడ్చానన్నాడు, దాచలేదు. పైన కల్వర్టులోంచి వచ్చే నీళ్లన్నీ నేరుగా తన చేలోకి వదిలారట, రెండు వానలకే గండి పడి పొలం కోసుకుపోయిందట. అడిగితే పట్టించుకునేవాడు లేడు. కుర్ర లెక్చరర్ ఆయన మాటలు నాకు ఇంగ్లీషులో చెబుతూ చెబుతూ, తనే ఆగి పిల్లలకు అమ్హరిక్‌లో పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. నేను పక్కకు తప్పుకున్నాను. డ్రైనేజీ అంటే రోడ్డు మీంచి నీళ్లు పంపేయడం వరకే మన పుస్తకాల్లో ఉంటుంది, ఆ నీళ్లు ఎవరి చేలోకి పోతాయో ఉండదు. తర్వాత ఆ మాడ్యూల్‌లో నీళ్లు చివరికి ఎక్కడికి చేరాలన్నది కూడా డిజైన్‌లో భాగం చేశాం. ఉత్తరాన టిగ్రాయ్‌లో మెకెలె విశ్వవిద్యాలయం వాళ్లు నెదర్లాండ్స్‌కు చెందిన మెటామెటా సంస్థతో కలిసి రోడ్డు నీళ్లను చెరువుల్లోకి, పొలాల్లోకి మళ్లించే పని చేశారు. అది మాకు చేతికి అందిన మంచి ఉదాహరణ అయింది.

మధ్యలో ఒక ముచ్చట. ఇంకోసారి రిఫ్ట్ లోయ మీదుగా వెళ్తున్నప్పుడు ఒక ఊళ్లో నీటి శుద్ధి యూనిట్ చూపిస్తూ అక్కడి ఇంజినీరు 'ఇది నల్గొండ టెక్నిక్' అన్నాడు. ఆ లోయ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పటిక, సున్నం వేసి దాన్ని తగ్గించే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు. మా పక్క ఊళ్లలో వంగిపోయిన నడుములు చూస్తూ పెరిగినవాణ్ణి. 'మాది ఆ నల్గొండే' అంటే ఆయన నమ్మలేదు, అది ఎవరో సైంటిస్టు పేరనుకున్నాడట. పాస్‌పోర్టు తీసి చూపించాను.

ట్రాఫిక్ మాడ్యూల్‌లోనూ ఇలాంటిదే జరిగింది. దక్షిణ యూరప్ భాగస్వాములు తెచ్చిన ట్రాఫిక్ లెక్కింపు ఫారంలో కారు, వ్యాను, బస్సు, రకరకాల లారీలు ఉన్నాయి. అక్కడ మేం ఉన్న ఊరి రోడ్డు మీద నిలబడితే కనిపించేవి నీలిరంగు బజాజ్ ఆటోలు, మినీబస్సులు, గాడిదలు, గుర్రబ్బండ్లు, మందలు. అక్కడ ఆటోను జనం బజాజ్ అనే పిలుస్తారు, మన పుణె నుంచి వెళ్లినవే. ఆటో, గుర్రబ్బండి రోడ్డు మీద ఎంత జాగా తింటాయో లెక్క కట్టే పట్టిక యూరప్‌లో దొరకదు, మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పట్టణ రోడ్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. దాంతో మొదలుపెట్టి, పిల్లల చేత వీడియో తీయించి అక్కడి విలువలు కట్టించాం. రోడ్డు భద్రతను వేరే సబ్జెక్టుగా పెట్టాలని మాత్రం దక్షిణ యూరప్ వాళ్లే పట్టుబట్టారు, ఆ విషయంలో వాళ్లదే రైటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నివేదికలో రోడ్డు చావుల రేటు ఆఫ్రికాలోనే ఎక్కువ, లక్ష జనాభాకు 26.6. చనిపోయేవాళ్లలో 44 శాతం నడిచేవాళ్లూ సైకిల్ తొక్కేవాళ్లే. కొత్త తారురోడ్డు పడగానే ఊరి మధ్యలోంచి లారీలు ఎనభై మీద పోవడం మనకూ తెలిసిన సంగతే.

యాక్సిల్ లోడ్, అంటే లారీ ఒక్కో ఇరుసు మీద పడే బరువు, పాఠం ఎప్పుడు చెప్పినా క్లాసు నిశ్శబ్దమైపోయేది. అక్కడి డిజైన్ పద్ధతిలో ప్రామాణిక యాక్సిల్ 8.16 టన్నులు, బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు నష్టం 4.5వ ఘాతంలో పెరుగుతుంది. పది టన్నుల యాక్సిల్ ప్రామాణికానికి రెండున్నర రెట్లు నష్టం చేస్తే, పదమూడు టన్నులది ఎనిమిది రెట్లు చేస్తుంది. బరువు ముప్పై శాతం పెంచితే నష్టం మూడు రెట్లు దాటుతోంది. లెక్క బోర్డు మీద వాళ్లచేతే చేయిస్తే, 'మరి వే బ్రిడ్జి దగ్గర ఎందుకు వదిలేస్తున్నారు?' అనే ప్రశ్న వాళ్ల నుంచే వచ్చేది. దానికి ఫార్ములా లేదు.

ఇక ల్యాబ్ సామాను. టెన్షన్ అంటే ఏంటో అప్పుడు తెలిసింది. ప్రాజెక్టు బడ్జెట్‌లో ప్రయాణాలకు, మీటింగులకు, నిర్వహణకు పోగా ల్యాబ్‌కు మిగిలింది చాలా తక్కువ. అదీ యూరప్ నిబంధనల ప్రకారం టెండరు పిలవాలి. ఇథియోపియాకు సముద్రం లేదు, అంతా జిబూటీ రేవులో దిగి లోపలికి రావాలి. సరుకు వచ్చింది, సుంకం మినహాయింపు ఉత్తరంలో రాసిన మెషీన్ పేరూ ఇన్‌వాయిస్‌లో పేరూ ఒకేలా లేవని డ్రై పోర్టులో, అంటే దేశం లోపలి కస్టమ్స్ రేవులో, ఆగిపోయింది. ఒక కార్యాలయం ఇంకో కార్యాలయానికి పంపేది, అది మళ్లీ మొదటిదానికి. మా ప్రొక్యూర్‌మెంట్ ఆఫీసులో ఒకావిడ ఫైలు చేతబట్టి రోజుల తరబడి తిరిగి విడిపించింది, ప్రాజెక్టు రిపోర్టులో ఆమె పేరు లేదు. పెట్టెలు తెరవగానే మొదట చేయాల్సిన పని ఏమిటో తెలుసా? ప్రతి మెషీన్ మీదా నిధులిచ్చినవాళ్ల స్టిక్కర్ అంటించి ఫోటో తీసి పంపడం. కాలిబ్రేషన్ తర్వాత.

కోర్సు ఆమోదం డిపార్ట్‌మెంట్ నుంచి కాలేజీ కమిషన్‌కు, బయటి పరీక్షకుల దగ్గరికి, అక్కడి నుంచి సెనేట్‌కు. తేదీలతో ఒక తిరకాసు ఉండేది. ఇథియోపియా క్యాలెండర్ మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక, పదమూడు నెలలు, కొత్త సంవత్సరం సెప్టెంబరులో. గడియారం కూడా తెల్లారి ఆరింటి నుంచి మొదలవుతుంది. రెండింటికి సెనేట్ అంటే పొద్దున ఎనిమిదింటికి. యూరప్ వాళ్లు మధ్యాహ్నం దాకా ఆన్‌లైన్‌లో కూర్చుని ఎదురుచూసిన రోజు ఉంది. సెనేట్‌లో ఒక సీనియర్ సభ్యుడు, 'ఈ డబ్బు ఆగిపోయాక కోర్సు ఎవరు చెబుతారు?' అని అడిగారు. ఆ ప్రశ్న మేం రాసిన ప్రతి పత్రంలోనూ 'సుస్థిరత' అనే హెడ్డింగు కింద అందంగా తప్పించుకుని ఉంది. నిలబడి అడిగితే ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

ఎందుకంటే మనుషులే నిలవడం లేదు. ఒక కుర్ర లెక్చరర్‌ను పీహెచ్‌డీకి యూరప్ పంపాం, అక్కడే ఉద్యోగం దొరికి ఉండిపోయాడు. ఇంకొకతన్ని అడిస్‌లో కన్సల్టెన్సీ వాళ్లు నాలుగు రెట్ల జీతంతో ఎగరేసుకుపోయారు. తప్పు పట్టలేను, నేను మాత్రం ఎందుకొచ్చాను? స్వీడన్ వాళ్లు ఉగాండాలో మకెరెరె విశ్వవిద్యాలయంతో 2000 నుంచి నడిపిన పద్ధతి నాకు నయమనిపిస్తుంది. శాండ్‌విచ్ పీహెచ్‌డీ అంటారు. కొన్ని నెలలు స్వీడన్‌లో, మిగతా కాలం సొంత దేశంలో, సొంత సమస్య మీద పరిశోధన. ఉద్యోగం, ఇల్లూవాకిలీ ఇక్కడే ఉంటాయి కాబట్టి మనిషి వెనక్కి వస్తాడు. మా ప్రాజెక్టు రెండో విడత దరఖాస్తులో అదే రాశాం, ఆ విడతకు డబ్బు రాలేదు.

మన దేశం వైపు నుంచీ ఇలాంటి పని జరిగింది. పాన్ ఆఫ్రికన్ ఈ-నెట్‌వర్క్ అని ఉపగ్రహం ద్వారా పాఠాలు, వైద్య సలహాలు అందించే పథకం ఇథియోపియాలోనే 2007లో ప్రయోగాత్మకంగా మొదలైంది. మన హైదరాబాద్ కేర్ హాస్పిటల్‌ను అడిస్‌లోని బ్లాక్ లయన్ హాస్పిటల్‌తో కలిపారు, ఇగ్నో పాఠాలు అడిస్ అబాబా, హరమాయ విశ్వవిద్యాలయాలకు వెళ్లాయి. వైద్యానికి, మేనేజ్‌మెంట్ పాఠాలకు అది బాగానే పనికొచ్చింది. రోడ్ల చదువుకు స్క్రీన్ సగం దూరమే తీసుకెళ్తుంది. మన కేంద్రం పల్లె రోడ్ల పథకం పీఎంజీఎస్‌వైలో ఒక మంచి పద్ధతి ఉంది. పల్లె రోడ్ల డీపీఆర్‌లను (వివరమైన ప్రాజెక్టు నివేదికలను) పరిశీలించే పని ఇంజినీరింగ్ కాలేజీలకే అప్పగించారు. దానివల్ల మాస్టారికి సైటు, పిల్లలకు నిజమైన డ్రాయింగు దొరుకుతాయి, కాలేజీకి నాలుగు రూపాయలు వస్తాయి. దీని గురించి అక్కడ ప్రాంతీయ రోడ్ల బ్యూరోకు వివరంగా నోట్ రాసి ఇచ్చాను. బ్యూరో పెద్దాయనకు నచ్చింది, రెండు పల్లె రోడ్ల డిజైన్లు మా పిల్లలచేత పరిశీలించేందుకు ఒప్పుకున్నాడు. ప్రాజెక్టు కాగితాల్లో ఎక్కడా లేని ఈ ఏర్పాటే డబ్బు ఆగాక కూడా నడిచింది.

2016 అక్టోబరులో దేశంలో అత్యవసర పరిస్థితి పెట్టారు, మొబైల్ ఇంటర్నెట్ ఆగిపోయింది. ముగింపు మీటింగుకు యూరప్ వాళ్లకు ప్రయాణ అనుమతి రాలేదు, ఆన్‌లైన్‌లో పెడదామంటే నెట్ లేదు. చివరి నివేదికను పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రయాణికుడి చేత పంపాం.

కోర్సు ఇప్పుడూ నడుస్తోంది. పేవ్‌మెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు గడువు తీరింది, మళ్లీ కొనలేదు, ఆ సబ్జెక్టును స్ప్రెడ్‌షీట్‌తో చెబుతున్నారు, పిల్లలకు లోపల ఏం జరుగుతుందో అలాగే బాగా అర్థమవుతోందని నాకు అనిపిస్తుంది. తారు మిశ్రమం బలం చూసే మార్షల్ మెషీన్‌కు స్పేర్ పార్టు దొరక్క ఏడాదిపాటు మూలన పడింది. డీసీపీలు మాత్రం అరిగిపోయేదాకా వాడారు, మొనలు ఊళ్లోని లేత్ వర్క్‌షాపులో తిప్పించుకుంటున్నారు. పెన్ను ఆపి నన్ను ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి ఎమ్మెస్సీ మొదటి బ్యాచ్‌లో చేరి, రేగడి మీద రోడ్ల అంచులకు తారు వేస్తే తేమ ఎంత తగ్గుతుందన్న దాని మీద థీసిస్ చేసింది. ఇప్పుడు అదే డిపార్ట్‌మెంట్‌లో పాఠాలు చెబుతోంది, పీహెచ్‌డీ అడిస్‌లోనే. నేను హైదరాబాద్ వచ్చేశాక కూడా థీసిస్ వైవాలకు జూమ్‌లో పిలుస్తుంటారు. పిలిచినప్పుడల్లా ముందు అడిగేది ఒకటే, టైము మీ లెక్కలోనా, మా లెక్కలోనా అని.